పాత కంప్యూటర్ల సవరణ ఉపకరణములు

పాత కంప్యూటర్ల సవరణ ఉపకరణములు అనగా ఆపరేటింగ్ సిస్టమ్ అమరికలను మార్చి, అనవసరపు ఫైళ్ళను తొలగించి, పాతబడిన కంప్యూటరును మరికొంత కాలము వాడుకొనుటకు వీలు కల్పించే చిన్న ప్రోగ్రాములు. వీటిని ట్వీకింగ్ యుటిలిటీలు, ట్యూనప్ సాఫ్టువేరు, క్లీనర్లు అని కూడా వ్యవహరిస్తారు. వీటిలో అధిక భాగము డబ్బు చెల్లించకుండానే ఇంటర్నెట్టులో లభిస్తాయి. అయితే డబ్బు చెల్లించనవసరము లేకపోవుట వేరు, వాడుకొనుటకు అనుమతి ఉండుట వేరు. ఇంటిలో వాడుకొనుటకు మాత్రమే ఉచితముగా ఇచ్చిన ప్రోగ్రామును ఒక దుకాణములోనో, కళాశాల ల్యాబులోనో స్థాపిస్తే అది లైసెన్సు ఉల్లంఘన అవుతుంది. కనుక ఇటువంటి ఉపకరణమును ఎంచుకొనేటప్పుడు అది ఏమి చేస్తుంది, ఎవరికి ఏ అనుమతి ఇస్తుంది అను రెండు ప్రశ్నలనూ కలిపి చూడవలసి ఉంటుంది.

నేపథ్యము

ఈ కోవకు చెందిన తొలి ప్రసిద్ధ ప్రోగ్రాము 1982లో పీటర్ నార్టన్ విడుదల చేసిన నార్టన్ యుటిలిటీస్. పొరపాటున తుడిచివేసిన ఫైలును తిరిగి రప్పించుట దాని ముఖ్యమైన పని. విండోస్ 95 వచ్చిన తరువాత అమరికలు రిజిస్ట్రీ అను ఒక పెద్ద డేటాబేసులోనికి చేరినవి. సాధారణ కంట్రోల్ ప్యానెల్‌లో కనిపించని అమరికలను మార్చుటకు మైక్రోసాఫ్ట్ ఉద్యోగులే ట్వీక్‌యుఐ అను ఉపకరణమును తయారుచేసిరి. ఇది పవర్‌టాయ్స్ అను కట్టలో భాగముగా వెలువడినది. విండోస్ 98 సి.డి.లో కూడా ఉండేది. సంస్థ దానిని ఉచితముగా ఇచ్చినా, దానికి ఎటువంటి సహాయమూ అందించబోమని ముందే ప్రకటించినది. ఆ తరువాత ఇటువంటి ప్రోగ్రాములు వందల సంఖ్యలో వచ్చినవి. భారతదేశములో కూడా 1999లో జైపూరులో మొదలైన సిస్ట్వీక్ సంస్థ ఈ రకపు సాఫ్టువేరుతోనే పేరు పొందినది.

నర్సీపట్నం వంటి పట్టణములలో

అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం ఒక రెవెన్యూ డివిజను కేంద్రము, చింతపల్లి వైపు మన్యమునకు ముఖద్వారము. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడువరకు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. పరిసర గ్రామముల నుండి దరఖాస్తులకు, ధృవపత్రములకు, పరీక్ష ఫీజులకు జనము వచ్చే ఇటువంటి పట్టణములో ఒక కంప్యూటరు ఎన్నో చేతులు మారుతుంది. నగరములోని కార్యాలయము వదిలించుకొన్నది ఇంటర్నెట్ సెంటరుకు, అక్కడి నుండి టైపు ఇన్‌స్టిట్యూటుకు, చివరకు ఒక విద్యార్థి ఇంటికి చేరుతుంది.

పాత యంత్రమును అట్టిపెట్టుకొనుటకు డబ్బు లేకపోవుట ఒక్కటే కారణము కాదు. శుభలేఖలు, కరపత్రములు తయారుచేసే డి.టి.పి. దుకాణములలో పేజ్‌మేకరు, అను స్క్రిప్ట్ మేనేజరు జంట చాలా కాలము రాజ్యమేలినది. అను ఖతులు యూనికోడ్ పద్ధతికి చెందినవి కావు. వాటితో కూర్చిన పాత ఫైలును తెరిచి, ఒక పేరు, ఒక తేదీ మార్చి మరల ముద్రించవలెనంటే ఆ ఖతులు, ఆ ప్రోగ్రాము ఉన్న యంత్రమే కావాలి. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసినా, ఇటువంటి అవసరము ఉన్నచోట దానిని తీసివేయుట సులభము కాదు. ఆ యంత్రము నెమ్మదించినప్పుడు యజమాని వెదికేది ఒక సవరణ ఉపకరణము కొరకే.

ఏవి ఉపయోగపడతాయి

పాత కంప్యూటరు నెమ్మదించుటకు సాధారణముగా నాలుగు కారణములు ఉంటాయి: మెమరీ చాలకపోవుట, హార్డ్ డిస్కు జబ్బుపడుట, ప్రారంభములోనే అనేక ప్రోగ్రాములు లేచి కూర్చొనుట, వేడి. ఉపకరణములు వీటిలో మూడవదానిని మాత్రమే నిజముగా సరిచేయగలవు.

కంప్యూటరును ఆన్ చేయగానే తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రాముల జాబితాను విండోస్ 98, ఎక్స్‌పీలలో ఎమ్మెస్‌కాన్ఫిగ్ అను అంతర్గత ఉపకరణములోను, విండోస్ 8 నుండి టాస్క్ మేనేజరులోను చూడవచ్చును. ఇంతకంటె లోతుగా చూడదలచినవారికి సిస్‌ఇంటర్నల్స్ వారి ఆటోరన్స్ ఉన్నది. మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ నెలకొల్పిన ఈ సంస్థను మైక్రోసాఫ్ట్ 2006లో కొనుగోలు చేసినది. ప్రింటరుతోను, మోడెముతోను, మొబైలు ఫోనుతోను వచ్చిన సహాయక ప్రోగ్రాములను ఈ జాబితాలో ఆపివేస్తే, 128 లేదా 256 మెగాబైట్ల మెమరీ గల ఎక్స్‌పీ యంత్రములో తేడా కంటికి కనిపిస్తుంది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస మెమరీ 64 మెగాబైట్లు. అంత మెమరీతో అది మొదలవుతుంది కాని, దానిపై పని చేసుకొనుట కష్టము.

కొన్ని సవరణలు నిర్దిష్టమైన లోపమునకు నిర్దిష్టమైన మందు వంటివి. విండోస్ 98 యంత్రములో 512 మెగాబైట్లకు మించి మెమరీ వేస్తే, డిస్కు కాష్ అతిగా పెరిగి, మెమరీ చాలదన్న సందేశము రావచ్చును. ఉన్నది ఎక్కువైనందువలన చాలలేదని చెప్పే విచిత్రమిది. సిస్టమ్.ఐఎన్ఐ ఫైలులోని వికాష్ విభాగములో మాక్స్‌ఫైల్‌కాష్ విలువకు పరిమితి విధిస్తే ఇది తీరుతుంది.

ఎక్స్‌పీలో ఇంకొక లోపము తరచు కనిపిస్తుంది, కాని దానిని గుర్తించేవారు తక్కువ. హార్డ్ డిస్కు నుండి సమాచారము చదువునప్పుడు ఆరు సార్లు పొరపాటు జరిగితే, ఎక్స్‌పీ ఆ డిస్కు బదిలీ వేగమును ఒక మెట్టు తగ్గిస్తుంది. ఇట్లు తగ్గుతూ చివరకు డి.ఎం.ఎ. పద్ధతి నుండి పి.ఐ.ఓ. పద్ధతికి దిగజారుతుంది. అప్పుడు ప్రతి అక్షరమును ప్రాసెసరే స్వయముగా మోయవలసి వచ్చి యంత్రము మొత్తము కుంటుపడుతుంది. దీనిని ఏ క్లీనరూ బాగుచేయలేదు. డివైస్ మేనేజరులో ప్రైమరీ ఐడిఇ చానెల్‌ను తెరిచి ప్రస్తుత బదిలీ పద్ధతి చూడాలి. పి.ఐ.ఓ. అని ఉంటే ఆ చానెల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటరును తిరిగి ప్రారంభిస్తే విండోస్ దానిని కొత్తగా గుర్తించి వేగమును పునరుద్ధరిస్తుంది. కొన్ని రోజులకే మరల అదే స్థితి వస్తే కేబులు వదులుగా ఉన్నదని గాని, డిస్కు చివరి దశలో ఉన్నదని గాని భావించాలి. అప్పుడు ముందుగా చేయవలసినది ఫైళ్ళను వేరొక చోటికి నకలు తీసుకొనుట. ఆ స్థితిలోని డిస్కుపై డీఫ్రాగ్ నడిపితే గంటల తరబడి దానిని పరుగెత్తించినట్లు అవుతుంది, మిగిలిన ప్రాణము కూడా పోవచ్చును.

ధూళి, వేడి సంగతి చెప్పనవసరము లేదు. ప్రాసెసరు పంకాను శుభ్రపరచుట, మెమరీ పెంచుట, వీలైనచోట పాత డిస్కు బదులు ఎస్.ఎస్.డి. వేయుట అను పనులు ఏ ఉపకరణము కన్నా మెరుగైన ఫలితము ఇస్తాయి.

ఉపయోగపడనివి

రిజిస్ట్రీ క్లీనర్లు ఈ రంగములో అత్యధికముగా ప్రచారము పొందినవి. అన్‌ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాముల ఆనవాళ్ళు కొన్ని వందలు రిజిస్ట్రీలో మిగిలి ఉండుట నిజమే. కాని విండోస్ రిజిస్ట్రీని మొదటి నుండి చివరి వరకు చదవదు. తనకు కావలసిన చోటికి మాత్రమే నేరుగా వెళ్తుంది. లక్షల నమోదులలో కొన్ని వందలు తీసివేసినందువలన వేగము పెరగదు, పొరపాటున అవసరమైనది పోతే మాత్రము ప్రోగ్రాములు నిలిచిపోతాయి. మైక్రోసాఫ్ట్ స్వయముగా రెగ్‌క్లీన్ అను ఉపకరణమును కొంతకాలము ఇచ్చి తరువాత ఉపసంహరించుకొన్నది. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకమును తాము సమర్థించబోమని కూడా ప్రకటించినది.

మెమరీని ఖాళీ చేస్తామనే ప్రోగ్రాములది ఇంకొక తరహా. ఇవి వాడుకలో ఉన్న ప్రోగ్రాముల సమాచారమును బలవంతముగా డిస్కుపైకి నెట్టి, ఖాళీ మెమరీ ఎక్కువైనట్లు అంకె చూపిస్తాయి. మరుక్షణము ఆ ప్రోగ్రామును తాకగానే అదంతా డిస్కు నుండి తిరిగి రావలసి ఉంటుంది. ఎక్స్‌పీలోని ప్రీఫెచ్ ఫోల్డరును ఖాళీ చేయుమనే సలహా కూడా ఇటువంటిదే. ప్రోగ్రాములు త్వరగా తెరుచుకొనుటకు విండోస్ రాసిపెట్టుకొన్న సూచనలు అందులో ఉంటాయి. తుడిచివేస్తే వాటిని అది మరల మొదటి నుండి రాసుకోవాలి.

ఈ కోవలో చరిత్రకెక్కినది సాఫ్ట్‌రామ్95. అమెరికాకు చెందిన సింక్రోనిస్ సంస్థ 1995లో దీనిని మెమరీని రెట్టింపు చేసే ప్రోగ్రాముగా అమ్మినది. నిపుణులు విప్పి చూడగా అది మెమరీని కుదించుటయే లేదని తేలినది. 1996లో ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ ప్రచారముపై చర్య తీసుకొన్నది. 2019లో అదే కమిషన్ ఆఫీస్ డిపో అను దుకాణముల సంస్థ నుండి, దానికి ప్రోగ్రాము సమకూర్చిన సపోర్ట్.కామ్ నుండి కలిపి 3.5 కోట్ల డాలర్లు రాబట్టినది. కంప్యూటరు తనిఖీ పేరుతో వారు నడిపిన ప్రోగ్రాము, యంత్రము నెమ్మదిగా ఉన్నదా వంటి నాలుగు ప్రశ్నలలో ఏ ఒక్కదానికైనా అవునని గుర్తు పెడితే చాలు, వైరస్ లక్షణములు ఉన్నట్లు ఫలితము చూపించేది. వందల కొద్దీ లోపములను ఎర్ర అంకెలలో చూపి, బాగుచేయుటకు డబ్బు అడిగే ప్రోగ్రాములను 2018 మార్చి నుండి విండోస్ డిఫెండరు అవాంఛిత సాఫ్టువేరుగా పరిగణించి తొలగిస్తున్నది.

తెలుగు కొరకు చేసిన సవరణ

తెలుగువారు అత్యధికముగా చేసుకొన్న సవరణ వేగము కొరకు కాదు, తమ భాష తెరపై కనిపించుట కొరకు. విండోస్ 98లో తెలుగు యూనికోడ్‌కు ఆధారము లేదు. విండోస్ 2000లో భారతీయ భాషలలో దేవనాగరి, తమిళ లిపులకు మాత్రమే ఏర్పాటు ఉండేది. తెలుగు 2001లో వచ్చిన ఎక్స్‌పీతో, గౌతమి ఖతితో చేరినది.

ఖతి ఒక్కటే ఉంటే చాలదు. యూనికోడ్‌లో సంయుక్తాక్షరము హల్లు, పొల్లు, మరొక హల్లు అను వరుసలో నిక్షిప్తమై ఉంటుంది. ఆ రెండవ హల్లును ఒత్తుగా మార్చి మొదటిదాని క్రింద చేర్చే పని విండోస్‌లో యూనిస్క్రైబ్ అను భాగము చేస్తుంది. అది లేనిచోట భక్తి అను మాట భక్‌తి అని కనిపిస్తుంది, లేదా అన్నీ డబ్బాలే కనిపిస్తాయి. ఎక్స్‌పీలో ఈ భాగము ఉన్నా, భారతీయ లిపులకు అది మొదట అచేతనముగా ఉండేది. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ విభాగములో సంక్లిష్ట లిపుల ఫైళ్ళను స్థాపించుమని చెప్పే గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడు యంత్రము ఎక్స్‌పీ సి.డి. అడుగుతుంది. దుకాణదారు తన సి.డి.తో ఎక్స్‌పీ వేసి పంపిన యంత్రములకు ఇక్కడే చిక్కు వచ్చేది. కొన్నవారి వద్ద సి.డి. ఉండదు, చాలాసార్లు లైసెన్సు కూడా ఉండదు. తెలుగు చదవవలెననే కోరిక తీరకపోవుటకు సాంకేతిక కారణము కన్నా ఈ కారణమే ఎక్కువ అడ్డము వచ్చినది.

విండోస్ 98, 2000 యంత్రములకు మరొక దారి ఉండేది. యూనిస్క్రైబ్‌కు చెందిన యుఎస్‌పి10.డిఎల్ఎల్ అను ఫైలు కొత్త ప్రతిని వేరొక యంత్రము నుండి తెచ్చి సిస్టమ్ ఫోల్డరులో పెట్టుట. సాంకేతికముగా ఇది పనిచేసేది. కాని ఆ ఫైలు విండోస్‌లోనో, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులోనో, ఆఫీసులోనో భాగముగా వచ్చినది. ఆయా ఉత్పత్తుల లైసెన్సు దానికి వర్తిస్తుంది. విడిగా తీసి పంచుటకు ఆ లైసెన్సు అనుమతించదు. లైసెన్సు గల ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు కొత్త సంచికను మైక్రోసాఫ్ట్ నుండే దింపుకొని స్థాపించుట అప్పట్లో క్రమమైన మార్గముగా ఉండేది. ఒకే ఫైలు, ఒకే ఫలితము, వచ్చిన దారిని బట్టి ఒకటి సక్రమము, రెండవది అక్రమము.

ఖతుల విషయములో ఇదే తేడా ఇంకా స్పష్టముగా తెలుస్తుంది. గౌతమి విండోస్ లైసెన్సుతో వచ్చినది కనుక దానిని లినక్స్ యంత్రములోనికి నకలు చేయుటకు ఆ లైసెన్సు చాలదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 ఖతులు జి.పి.ఎల్. క్రింద విడుదలైనవి. కనుక వాటిని ఎవరైనా, ఏ యంత్రములోనైనా పెట్టుకోవచ్చును, పంచవచ్చును. తరువాత వచ్చిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటి ఖతులు ఓపెన్ ఫాంట్ లైసెన్సు క్రింద లభిస్తున్నవి.

లైసెన్సుల రకములు

ఆంగ్లములో ఖరీదు లేనిదానికీ, స్వేచ్ఛ గలదానికీ ఫ్రీ అను ఒకే మాట వాడుట వలన గందరగోళము ఏర్పడినది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. అయితే ఉచితము అను మాటకు తగినది అను అర్థము కూడా ఉన్నది. ఉచితముగా వచ్చిన ప్రతి ప్రోగ్రాము ఆ రెండవ అర్థములో ఉచితము కాదని చెప్పుకోవలసి ఉంటుంది.

ఉచిత సాఫ్టువేరు, అనగా ఫ్రీవేర్, డబ్బు అడగదు. కాని దాని మూలసంకేతము రచయిత వద్దనే ఉంటుంది, షరతులు కూడా రచయితవే. సిసి‌క్లీనరు ఉచిత ప్రతి ఇంటి వాడకమునకు మాత్రమే. దుకాణములకు, కార్యాలయములకు వేరే ప్రతి కొనాలి. ఎక్స్‌పీ సి.డి. నుండి అనవసర భాగములను తీసివేసి చిన్నదిగా చేసుకొనుటకు వాడిన ఎన్‌లైట్ కూడా వ్యాపారేతర వాడకమునకే అనుమతి ఇచ్చినది. సిస్‌ఇంటర్నల్స్ షరతులు దీనికి భిన్నము. వాటిని ఎన్ని యంత్రములలోనైనా వాడవచ్చును, వ్యాపార సంస్థ కూడా వాడవచ్చును. కాని ఇతరులు నకలు చేసుకొనుటకు వీలుగా ప్రచురించరాదు. అనగా ఒక మెకానిక్కు వాటిని తన పనికి ఉపయోగించుకోవచ్చును గాని, ఉపకరణముల సి.డి. తయారుచేసి అమ్మరాదు.

షేర్‌వేర్ అనగా ముందు వాడి చూసి, గడువు తరువాత కొనవలసినది. 40 రోజుల గడువు గల విన్‌రార్ దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణము. గడువు దాటినా అది పనిచేస్తూనే ఉంటుంది, ఒక గుర్తుచేసే కిటికీ మాత్రము తెరుచుకొంటుంది. పనిచేయుచున్నది కనుక అనుమతి ఉన్నదని చాలామంది భావిస్తారు, అది సరికాదు. అదే పనికి 1999 నుండి లభిస్తున్న 7-జిప్ ముఖ్యముగా ఎల్.జి.పి.ఎల్. క్రింద ఉన్నది. దానికి గడువు లేదు, కార్యాలయమునకైనా ఇంటికైనా ఒకటే నియమము.

స్వేచ్ఛా సాఫ్టువేరు వాడుటకు, మూలసంకేతమును పరిశీలించుటకు, మార్చుటకు, పంచుటకు హక్కు ఇస్తుంది. రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో ప్రకటించిన జి.పి.ఎల్. వీటిలో ప్రముఖమైనది. 2008లో మొదలైన బ్లీచ్‌బిట్ ఈ లైసెన్సు గల క్లీనరు. తాత్కాలిక ఫైళ్ళను తొలగించుటలో సిసిక్లీనరు చేసే ముఖ్యమైన పనినే ఇది కూడా చేస్తుంది. ఒక టైపు ఇన్‌స్టిట్యూటు ఇరవై యంత్రములలో దీనిని స్థాపించి, విద్యార్థులకు నకలు ఇచ్చినా ఎవరి అనుమతీ అడగనవసరము లేదు. ఒకసారి ఇచ్చిన ప్రతికి ఈ హక్కును వెనుకకు తీసుకొనుట కుదరదు, కాని రచయిత తరువాతి సంచికను వేరే లైసెన్సు క్రింద ఇవ్వవచ్చును. జేకే‌డీఫ్రాగ్ అను డీఫ్రాగ్ ప్రోగ్రాము స్వేచ్ఛా లైసెన్సుతో ఉండగా, దాని తరువాతి రూపమైన మైడీఫ్రాగ్ ఖరీదు లేనిదిగానే ఉండి మూలసంకేతము లేకుండా వచ్చినది. కనుక ప్రోగ్రాము పేరును బట్టి గాక సంచికను బట్టి లైసెన్సు చూడాలి.

విండోస్‌కు ఉండే లైసెన్సు సంగతి వేరు. కొత్త బ్రాండెడ్ కంప్యూటరుతో వచ్చే ఓ.ఇ.ఎం. లైసెన్సు ఆ యంత్రమునకే ముడిపడి ఉంటుంది. పాతకాలపు యంత్రములలో పెట్టెకు అంటించిన ధృవీకరణ స్టిక్కరు దానికి గుర్తు. సెకండ్‌హ్యాండ్ యంత్రము కొనేవారు మెమరీ ఎంత, డిస్కు ఎంత అని అడుగుటతో పాటు ఆ స్టిక్కరు చెక్కుచెదరకుండా ఉన్నదా అని కూడా చూడాలి. దానిని పీకి వేరొక పెట్టెకు అంటించినంత మాత్రమున లైసెన్సు దానితో నడిచిరాదు.

ఎన్‌లైట్ వంటి ఉపకరణముతో తన సొంత సి.డి. నుండి చిన్న విండోస్ చేసుకొనుట ఒక విషయము. ఇతరులు చిన్నదిగా చేసి పంచిన టైనీఎక్స్‌పీ వంటి ప్రతిని దింపుకొనుట వేరొక విషయము. రెండవది మైక్రోసాఫ్ట్ అనుమతి లేని పంపిణీ. అందులో ఏమి తీసివేసినారో చెప్పే జాబితా ఉండవచ్చును గాని, ఏమి చేర్చినారో తెలుసుకొనుటకు సామాన్యునికి మార్గము లేదు.

భారతీయ చట్టము

కంప్యూటరు ప్రోగ్రామును భారత కాపీరైటు చట్టము, 1957 సాహిత్య రచనగా పరిగణిస్తుంది. అక్రమ ప్రతి అని తెలిసియుండి దానిని కంప్యూటరులో వాడుట 63బి సెక్షను ప్రకారము నేరము. శిక్ష ఏడు రోజులకు తగ్గకుండా మూడు సంవత్సరముల వరకు జైలు, 50,000 రూపాయలకు తగ్గకుండా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా. వ్యాపార లాభము కొరకు గాని, వృత్తిలో భాగముగా గాని వాడలేదని రుజువైతే న్యాయస్థానము జైలు శిక్షను మినహాయించి, 50,000 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చును. ఇంటికీ దుకాణమునకూ మధ్య ఉచిత లైసెన్సులు చూపే తేడాను చట్టము కూడా ఈ విధముగా చూపుతున్నది. 2012లో చేర్చిన 65ఎ సెక్షను, హక్కులను ఉల్లంఘించు ఉద్దేశముతో రక్షణ ఏర్పాట్లను ఛేదించుటను కూడా నేరముగా చేసినది.

చట్టము వినియోగదారునికి కొన్ని హక్కులు కూడా ఇస్తుంది. సక్రమముగా పొందిన ప్రోగ్రాము పోకుండా భద్రత కొరకు నకలు తీసి ఉంచుకొనుటకు 52వ సెక్షను అనుమతిస్తుంది. గీతలు పడే సి.డి.లను ఇప్పటికీ నమ్ముకొన్న డి.టి.పి. దుకాణములకు ఇది అక్కరకు వచ్చే నియమము.

శిక్ష కన్నా ముందుగా తగిలే దెబ్బ వేరే ఉన్నది. ఉపకరణముల పూర్తి ప్రతులను క్రాక్, కీజెన్ అను పేర్లతో ఇచ్చే ఫైళ్ళు వైరసులను మోసుకొని వచ్చుట సర్వసాధారణము. వాటిని నడుపుటకు ముందు యాంటీవైరసును ఆపుమని సూచన కూడా అందులోనే ఉంటుంది. దరఖాస్తుదారుల ఆధారు ప్రతులు, బ్యాంకు వివరములు చేతులు మారే ఇంటర్నెట్ సెంటరులో దీని నష్టము యజమానితో ఆగదు.

పేరున్న ఉపకరణములు కూడా దీనికి పూర్తిగా అతీతము కావు. 2017లో సిసిక్లీనరు 5.33 సంచికలో దుండగులు హానికర సంకేతమును చేర్చగలిగినారు. సంస్థ అధికారిక సర్వరు నుండి, అధికారిక డిజిటల్ సంతకముతోనే అది దాదాపు 22.7 లక్షల మందికి చేరినది. అత్యధిక అధికారములతో నడిచే ప్రోగ్రాము ఎంత తక్కువ ఉంటే అంత మేలని సూచించేవారు ఈ ఘటనను తరచు ఉదహరిస్తారు.

ఎంపిక

ముందుగా విండోస్‌లోనే ఉన్న డిస్క్ క్లీనప్, డీఫ్రాగ్, ఎమ్మెస్‌కాన్ఫిగ్ వంటివాటిని వాడి చూడాలి. వీటికి వేరే లైసెన్సు అక్కరలేదు. అవి చాలనప్పుడు బయటి ఉపకరణము కొరకు చూడాలి. అది తన పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు తగిన సంచికేనా అని సరిచూసుకోవాలి. ఉదాహరణకు భారతదేశములో తయారైన అల్టిమేట్ విండోస్ ట్వీకర్ విండోస్ ఒక్కొక్క తరమునకు ఒక్కొక్క సంచికగా వెలువడినది. విస్టా, 7లకు ఉద్దేశించిన రెండవ సంచికను విండోస్ 10లో, లేదా 10కి ఉద్దేశించిన నాల్గవ సంచికను 7లో నడుపరాదు.

స్థాపించునప్పుడు వచ్చే లైసెన్సు పాఠమును ఎవరూ చదవరు. పూర్తిగా చదవలేకపోయినా, వ్యక్తిగత వాడకము, వ్యాపారము, పునఃపంపిణీ అను మూడు విషయములపై ఏమి చెప్పినదో వెదికితే పని జరుగుతుంది. చేసిన మార్పును వెనుకకు తీసుకొనే వీలు ఉన్నదా అనునది కూడా అంతే ముఖ్యము. ఎక్స్‌పీలోను, ఆ తరువాతి విండోస్‌లలోను సిస్టమ్ రిస్టోర్ ఉన్నది కనుక మార్పుకు ముందు ఒక రిస్టోర్ పాయింటు పెట్టుకోవాలి. ఒకేసారి పది సవరణలు చేస్తే, తరువాత వచ్చిన చిక్కు ఏ సవరణ వలన వచ్చినదో తెలియదు.

మద్దతు ముగిసిన తరువాత

2025 అక్టోబరు 14న విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసినది. వ్యక్తిగత వినియోగదారులు నమోదు చేసుకొంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు లభించే ఏర్పాటు చేసినారు. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0, 4 గిగాబైట్ల మెమరీ, మైక్రోసాఫ్ట్ జాబితాలోని ప్రాసెసరు అవసరము. దీనితో చక్కగా పనిచేయుచున్న యంత్రములు అనేకము పాత కంప్యూటర్ల వర్గములో చేరినవి. రూఫస్ అను స్వేచ్ఛా ఉపకరణము ఈ నిబంధనలను తప్పించి విండోస్ 11 స్థాపించుటకు వీలు కల్పిస్తుంది. రూఫస్‌కు జి.పి.ఎల్. ఉన్నంత మాత్రమున దానితో స్థాపించిన విండోస్‌కు లైసెన్సు రాదు. అట్టి యంత్రములకు నవీకరణలు అందుతాయని మైక్రోసాఫ్ట్ హామీ కూడా ఇవ్వదు.

ఇంకొక మార్గము లినక్స్. చెన్నైలోని సి-డాక్ 2007 నుండి డెబియన్ ఆధారముగా బాస్ లినక్స్‌ను భారతీయ భాషలలో అందిస్తున్నది. హైదరాబాదు కేంద్రముగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ అదే పేరుతో తెలుగు లినక్స్‌ను రూపొందించినది. మెమరీ తక్కువ ఉన్న యంత్రములకు యాంటిఎక్స్, లుబుంటు వంటి తేలిక పంపిణీలు అనుకూలము. 32 బిట్ ప్రాసెసరు గలవారు మాత్రము జాగ్రత్తగా చూసుకోవాలి. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13లో 32 బిట్ ఇంటెల్ యంత్రములకు స్థాపన వ్యవస్థను తొలగించినారు. లుబుంటు 32 బిట్ సంచికలు అంతకు ముందే ఆగిపోయినవి.

పేజ్‌మేకరు ఫైళ్ళ కొరకు ఎక్స్‌పీ తప్పనిసరి అయిన దుకాణములో ఆ యంత్రమును ఇంటర్నెట్టుకు కలుపకుండా ఉంచి, దరఖాస్తులకు, బ్యాంకు పనులకు వేరొక యంత్రమును వాడుట ఆచరణలో ఉన్న పద్ధతి. రెండింటి మధ్య ఫైళ్ళు పెన్‌డ్రైవు మీద నడుస్తాయి. ఎక్స్‌పీలో పెన్‌డ్రైవు పెట్టగానే అందులోని ప్రోగ్రాము తనంతట తాను నడిచే ఆటోరన్ సౌకర్యమును ఆపివేయుట ఇటువంటి యంత్రములో మొదట చేయవలసిన సవరణ. దానికి ఏ ఉపకరణమూ కొననవసరము లేదు. మైక్రోసాఫ్ట్ 2011లో విడుదల చేసిన నవీకరణ పెన్‌డ్రైవులకు ఆ సౌకర్యమును నిలిపివేస్తుంది.